గోడకు మేకు దిగకుండ గృహరక్షణము

ఇంటికి దీపము ఎంత ముఖ్యమో కావలియు నంత ముఖ్యము. మన పెద్దల కాలమున ఈ కావలికి వేఱుగా నొక యేర్పాటు అక్కఱలేకుండెను. వీధియరుగుమీద తాతగారు కూర్చుండియుండెడివారు, ఎదురింటి అవ్వగారు వడియములకు కాపుండెడివారు, క్రొత్త మనుష్యుడెవడు వీధిలో అడుగుపెట్టినను "ఎవరింటికి నాయనా?" యను ప్రశ్న యొకటి వానిని పలుకరించెడిది. నేడు అరుగులు పోయినవి. ఒక్క మేడలో నలువది కుటుంబములు కాపురమున్నను ఒకరి రాకపోకలు మఱియొకరు ఎఱుగరు. భార్యాభర్తలిద్దఱును ఉద్యోగములకు పోవుదురు. పిల్లలు బడినుండి వచ్చి తామే తాళము తీసికొందురు. ఇంట మిగిలిన వృద్ధులు తలుపు తట్టినవా డెవడో తెలియక, తీయుటయా మానుటయా యని తటపటాయించుచుందురు. అరుగుమీది కన్నులు చేసిన పనిలో కొంతభాగమును నేడొక చిన్న కెమేరా చేయగలదు.

అయినను కెమేరా యనగానే మన గృహిణులలో పలువురకు కన్నులయెదుట నిలుచు దృశ్యము వేఱు. పనివారు వచ్చి గోడలకు రంధ్రములు వేయుదురు. సున్నపు దుమ్ము వంటయింటిదాక వచ్చును. తీగలు సాలెగూడువలె గోడలనిండ ప్రాకును. చివరకు ఇంటి యజమానుడు వచ్చి, అడ్వాన్సులో కొంత పట్టుకొందునని బెదరించును. అద్దెయింట కాపురముండు యిల్లాలికి "గోడకు మేకు కొట్టరాదు" అను షరతు క్రొత్త కాదు గదా! ఈ భయము ఒకప్పుడు న్యాయమే. ఇప్పుడు మాత్రము మేకు కొట్టకయే, గోడ తవ్వకయే, ఇల్లు మారునపుడు సంచిలో వేసికొని పోదగిన కెమేరాలు బజారున లభించుచున్నవి. వానిని ఎన్నుకొనుట యెట్లు, ఎక్కడ నిలుపవలెను, ఎక్కడ నిలుపరాదు అను విషయములను ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి.

ఒక యిల్లాలి తలపు

దూరమునుండి కెమేరాతో చూచు పద్ధతి మొదట ఇంటికొఱకు పుట్టినది కాదు. 1942వ సంవత్సరమున జర్మనీదేశమున రాకెట్టు ప్రయోగములను ప్రమాదము లేని దూరమునుండి చూచుటకు ఇంజనీరగు వాల్టర్ బ్రూక్ దీని నేర్పఱచెను. దానిని గృహరక్షణమునకు మలచిన కీర్తి మాత్రము ఒక స్త్రీది. ఆమె పేరు మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్. న్యూయార్కు నగరమునందలి క్వీన్స్ అను భాగమున నివసించెడిది; వృత్తి నర్సు. భర్త ఆల్బర్టు ఎలక్ట్రానిక్సు పనివాడు. ఇరువురి పనివేళలును కుదురైనవి కావు. ఇంట నొంటరిగా నున్న రాత్రులలో తలుపు చప్పుడైనచో ఆవల నున్నవాడు ఎవడో ఆమెకు తెలియకుండెను. ఆ పేటలో పోలీసులను పిలిచినను వారు వచ్చుట ఆలస్యమగుచుండెను.

ఆమె ఆ భయమును ఊరక భరింపలేదు. భర్తతో గూడి యొక యేర్పాటును కల్పించెను. తలుపునకు వేఱువేఱు ఎత్తులలో రంధ్రములు. వాని వెనుక పైకిని క్రిందికిని జరుగు కెమేరా. పొడుగువా డొకడు వచ్చినను, చిన్నపిల్ల వచ్చినను ముఖము కనబడును. ఆ బొమ్మ పడకగదిలోని టెలివిజను తెరమీద పడును. మైక్రోఫోనుద్వారా వచ్చినవానితో మాటలాడవచ్చును. తెలిసినవారైనచో మీట నొక్కి తలుపు తీయవచ్చును. అపాయమని తోచినచో మఱియొక మీటతో సహాయమును పిలువవచ్చును. 1966 ఆగస్టులో వారు పేటెంటునకు దరఖాస్తు పెట్టగా, 1969 డిసెంబరు 2వ తేదీని అది మంజూరయ్యెను. నేడు మన మంగడిలో కొను గృహరక్షణ సాధనములలో ఈ భాగములే యన్నియు కానవచ్చుచున్నవి. అలసి యింటికి వచ్చిన యొక నర్సు తన తలుపును గుఱించి చేసిన యాలోచన నుండి ఇది పుట్టినదని తెలిసిన పిదప, "యంత్రముల సంగతి మాకేమి తెలియును" అని మన మనుకొనుట పాడి కాదు.

ముందు ఆలోచన, పిమ్మట కొనుగోలు

పండుగ తగ్గింపు ధరలు చూచి నాలుగు కెమేరాలు ఒక్కసారి కొని, పిదప ఎక్కడ పెట్టవలెనా యని వెదకువారు కలరు. ఇది తలక్రిందుల పని. మొదట ఒక సాయంకాలము వీధిలోనికి పోయి, మీ యింటిని మీరే పరాయివారివలె చూడుడు. లోపలికి ఎన్ని త్రోవలు కలవు? వీధివాకిలి యొకటి, వంటయింటి వెనుక తలుపొకటి, డాబామీదినుండి దిగు మెట్లొకటి, బాల్కనీ ప్రక్కన నీళ్ల గొట్ట మున్నయెడల అదియు నొక త్రోవయే. రెండు మూడు గదుల కాపురమునకు సాధారణముగా వాకిటివైపు ఒకటి, వెనుకవైపు ఒకటి చాలును. కెమేరా గదులను కాయుటకు గాక, త్రోవలను కాయుటకు అని గుర్తుంచుకొన్నచో ధనమును మిగులును. ఇంటివారి మనశ్శాంతియు మిగులును.

గోడ తవ్వనక్కఱలేని కెమేరాలు ముఖ్యముగా అయిదు విధములు.

మొదటిది ప్లగ్గున పెట్టునది. గిన్నెయంత యుండును, బల్లమీదనో బీరువామీదనో కూర్చుండును, సెల్లుఫోను చార్జరు వంటి అడాప్టరుతో పనిచేయును, ఇంటి వైఫైద్వారా బొమ్మను ఫోనునకు పంపును. సాధారణమైనవి రెండు మూడు వేల రూపాయలలోపల దొరకును. మొదటిసారి కొనువారికి ఇదియే సులభము.

రెండవది బ్యాటరీది. దీనికి తీగయే యక్కఱలేదు. ఎల్లప్పుడు చూచుచుండదు, నిద్రించుచుండును. మనుష్యుని శరీరపు వేడి కదలినచో దాని సెన్సారు మేల్కొల్పును. అప్పుడు చిత్రము తీయును. ఇందు రెండు మర్మములు కలవు. మేల్కొనుటకు ఒక క్షణము పట్టును గనుక వడిగా పోవువాని వెన్ను మాత్రమే చిక్కవచ్చును. మఱియు ఈ సెన్సారు తనకు ఎదురుగా వచ్చువానికంటె అడ్డముగా నడచువానిని బాగుగా పసిగట్టును. కావున త్రోవకు సూటిగా గాక, నడచువారు దాని చూపునకు అడ్డముగా పోవునట్లు పెట్టవలెను. వీధి రద్దీ కనబడునట్లు పెట్టినచో మాటిమాటికి మేల్కొని, నెలలపాటు రావలసిన బ్యాటరీ దినములలో తరిగిపోవును. బాల్కనీ కటకటాలకు తగిలించుటకు వీలగు చిన్న సూర్యఫలకము జతపఱచినచో చార్జి చేయు శ్రమ తగ్గును.

మూడవది దీపపు హోల్డరున బిగించునది. చూచుటకు బల్బువలెనే యుండును. వరండాలో దీపమున్న చోటనే కెమేరాయు నుండును గనుక విద్యుత్తునకు వెదుకులాట లేదు. మన యిండ్లలోని హోల్డరులు తఱచుగా పిన్నులవి. ఈ కెమేరాలలో పెక్కింటికి మరగల హోల్డరు కావలెను. నడుమ నుంచు చిన్న మార్పిడి ముక్క అంగడిలో దొరకును. కెమేరాతోపాటే వచ్చినదో లేదో చూచి కొనవలెను. దీనికి శత్రువు దొంగ కాదు, ఇంటిలోని పొదుపరి! "పట్టపగలు వరండా దీపమేల?" యని ఎవరో ఒకరు స్విచ్చి ఆర్పుదురు, కెమేరాయు దానితో ఆరిపోవును. స్విచ్చిమీద కాగితపు ముక్క అంటించి "ఆర్పవద్దు" అని వ్రాయుట మంచిది.

నాలుగవది తలుపు కంటిరంధ్రమున అమర్చునది. పెక్కు ఫ్లాట్ల తలుపులకు కన్ను ముందే యుండును. పాత కన్నును విప్పి, ఆ రంధ్రముననే దీనిని బిగింతురు. వెలుపల చిన్న కన్ను, లోపల చిన్న తెర. ఇల్లు ఖాళీచేయునపుడు పాత కన్నును మరల బిగించినచో ఆనవాలే యుండదు. కొనుటకు ముందు తలుపు దళసరిని, రంధ్రపు వెడల్పును కొలుచుకొనవలెను.

అయిదవది కొననక్కఱలేనిది: మూలబడిన పాత మొబైలు ఫోను. తగిన యాప్ వేసినచో అదియే కెమేరా యగును. సిమ్ము లేకున్నను వైఫై యున్న చాలును. అయితే నెలలతరబడి చార్జరునకు తగిలించి యుంచిన ఫోను బ్యాటరీ ఉబ్బు భయము కలదు. గుడ్డలమీద పెట్టరాదు, వారమున కొకసారియైన చేతితో తాకి వేడిని, వీపు ఉబ్బును చూడవలెను. ఊరికి పోవు నాలుగు దినములకు ఇది చాలును గాని, శాశ్వతముగా నమ్ముకొనదగినది కాదు.

నిలుపు విధానము

గోడకు అంటించు జిగురు పట్టీలను చూచి మోసపోయినవారు పలువురు. తప్పు పట్టీది కాదు, గోడది. సున్నము వేసిన గోడకును, పొడి రాలు డిస్టెంపరు గోడకును ఏ జిగురును నిలువదు. రంగు పెచ్చుతో సహా ఊడి క్రింద పడును. నున్నని టైలు, గాజు, ఇనుము, పాలిషు పెట్టిన చెక్క—వీనికి అంటించినచో గట్టిగా నిలుచును. అంటించు చోటును స్పిరిటుతో తుడిచి, ఆరనిచ్చి, పట్టీని అరనిమిషము గట్టిగా నొక్కి, ఒక దినము అట్లే వదలవలెను. ఆ పిమ్మటనే బరువు పెట్టవలెను. తీయవలసి వచ్చినపుడు లాగరాదు. తల ఆరబెట్టుకొను యంత్రముతో కొంచెము వేడిచేసి, గట్టి దారమును వెనుకనుండి ఱంపమువలె ముందువెనుకలకు జరిపినచో గోడ చెడకుండ వచ్చును.

జిగురుకంటె మేలైన యుపాయములును కలవు. మన కిటికీలకు ఇనుప చువ్వలుండును. వానికి అయస్కాంతపు పీఠము దానంతట నదే పట్టుకొనును. బాల్కనీ కటకటాలకు బిగింపు క్లిప్పు సరిపోవును. ఏ పద్ధతి నవలంబించినను, సన్నని నైలాను త్రాటితో కెమేరాను చువ్వకు ముడివేయుట మఱవరాదు. పట్టు వదలినను క్రింద నడచువారి తలమీద పడదు. కోతులు తిరుగు ఊళ్లలో ఈ ముడి మఱింత యవసరము.

ఎత్తును గుఱించి ఒక్క మాట. పైకప్పు నంటునట్లు పెట్టినచో వచ్చినవాని నడినెత్తియే కనబడును, ముఖము కనబడదు. ఏడెనిమిది అడుగుల యెత్తు తగినది: చేతికి సులభముగా అందదు, ముఖము తప్పిపోదు. ఉదయ సాయంకాలముల సూర్యుడు కెమేరా కన్నులో పడినచో మనుష్యులు నల్లని నీడలుగా కనబడుదురు. పడమటి యెండ తగులు చోట బ్యాటరీ కెమేరాను పెట్టరాదు. మన వేసవికి బ్యాటరీ ఆయుర్దాయము క్షీణించును. వాన జల్లు తగులు చోటునకు "ఐపీ 65" అను గుర్తు, లేదా అంతకుమించిన గుర్తు కలదానినే కొనవలెను.

కిటికీ లోపల కెమేరా పెట్టి, అద్దముగుండ వెలుపలికి చూడవచ్చునని పలువురు తలతురు. పగటివేళ ఇది బాగుగనే పనిచేయును. రాత్రియైనతోడనే తెర తెల్లబోవును. ఏలయనగా చీకటిలో చూచుటకు కెమేరా మన కంటికి కానరాని యొక వెలుగును వెదజల్లును. అది అద్దమునకు తగిలి వెనుకకు వచ్చి కెమేరా కంటిలోనే పడును. శరీరపు వేడిని పసిగట్టు సెన్సారునకు సయితము అద్దము గోడతో సమానము. కావున అద్దము వెనుక పెట్టక తప్పనిచో, కెమేరా యొక్క రాత్రి వెలుగును ఆర్పి, వెలుపల వరండా దీపమును వెలిగించి యుంచవలెను. రాత్రి వెలుగునకు పురుగులు చేరును. పురుగులకొఱకు సాలెపురుగు వచ్చి కంటికి అడ్డముగా గూడల్లును. గూడు గాలికి కదలినపుడెల్ల "ఎవరో వచ్చిరి" అని ఫోను మ్రోగును. వారమున కొకసారి మెత్తని గుడ్డతో తుడిచిన ఈ బాధ తీఱును.

తీగ, విద్యుత్తు, వైఫై

ప్లగ్గున పెట్టు కెమేరాకు తీగ యొకటి తప్పదు. ఇది అయిదు వోల్టుల సన్నని తీగ. అడాప్టరు ప్లగ్గు దగ్గఱనే యుండును గనుక గోడవెంట ప్రాకుదానిలో అపాయకరమైన విద్యుత్తు లేదు. తలుపు చట్రము వెంటను, అలమర అంచు వెంటను జిగురు క్లిప్పులతో దీనిని పోనీయవచ్చును. తలుపు సందున నలిగిపోవునట్లు మాత్రము పెట్టరాదు. తీగ పది పండ్రెండు అడుగులు మించినచో వోల్టేజి తగ్గి కెమేరా మాటిమాటికి ఆగి మరల లేచుచుండును. అట్లయినచో దళసరి తీగను తీసికొనవలెను.

వైఫై సంగతి కొనుటకు ముందే పరీక్షింపవచ్చును. కెమేరా పెట్టదలచిన చోట నిలువబడి, నడుమనున్న తలుపులన్నియు మూసి, మీ ఫోనులో నొక వీడియో పిలుపు చేసి చూడుడు. మాట తెగినచో కెమేరా బొమ్మయు తెగును. రౌటరులలో రెండు విధముల తరంగము లుండును. 2.4 గిగాహెర్ట్జులది గోడలను దాటి దూరము పోవును. 5 గిగాహెర్ట్జులది వేగము కలదే కాని గోడలయెదుట బలము తగ్గును. చిన్న కెమేరాలలో పెక్కులు మొదటిదానినే యెఱుగును. ఈ సంగతి తెలియక "కెమేరా కలియుటలేదు" అని తిరిగి యిచ్చివేయువారు కలరు.

కరెంటు పోయినపుడే చీకటియగును. చీకటిలోనే కావలి యెక్కువ కావలెను. బ్యాటరీ కెమేరా మేల్కొనియున్నను రౌటరు ఆగిపోయినచో కబురు రాదు. రౌటరు ప్లగ్గును ఇన్వర్టరు తీగకు మార్చుకొనుడు. ఇన్వర్టరు లేనివారికి రౌటరు నొక్కదానినే కొన్ని గంటలు నడపు చిన్న యూపీయసులు కలవు. వైఫైయే లేని పల్లెటూరి యింటికి, సిమ్ము వేసికొను 4జీ కెమేరాలును వచ్చియున్నవి.

చూచినదానిని దాచుట

చిత్రము దాచుకొనుటకు రెండు త్రోవలు. కెమేరాలోపల వ్రేలిగోరంత మెమొరీ కార్డు ఒకటి. నెలనెల రుసుము తీసికొని కంపెనీవారు దూరమున దాచుట రెండవది. కార్డునకు రుసుము లేదు గాని దొంగ కెమేరానే యెత్తుకొనిపోయిన సాక్ష్యమును వానితోనే పోవును. దూరమున దాచినది నిలుచును గాని మన యింటి బొమ్మ పరాయిచోట నుండును. వాకిటి కెమేరాకు దూరమున దాచుటయు, లోపలి కెమేరాకు కార్డును యుక్తమని మా యభిప్రాయము.

కార్డు ఎంతటిది కావలెనో లెక్క వేయవచ్చును. సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున ఎడతెగక చిత్రించు కెమేరా దినమునకు ఇంచుమించు 21 జీబీలు నింపును. 64 జీబీల కార్డు మూడు దినములకు, 128 జీబీలది ఆఱు దినములకు వచ్చును. ఆ పిమ్మట పాతది చెఱిగి క్రొత్తది చేరును. కదలిక యున్నపుడే చిత్రింపుమని యేర్పఱచినచో అదియే కార్డు వారములు వచ్చును. పదిదినములు తీర్థయాత్రకు పోవువారు ఈ లెక్క వేసికొని మఱి బయలుదేఱవలెను.

కెమేరాకును తాళము కావలెను

తలుపునకు తాళము వేసి, తాళపుచెవిని గుమ్మమున వ్రేలాడదీయువా రుందురా? సంకేతపదమును మార్చని కెమేరా యట్టిదే. 2016వ సంవత్సరమున "మిరాయ్" అను దుష్ట ప్రోగ్రామొకటి ప్రపంచమంతట లక్షలకొలది కెమేరాలలోను రౌటరులలోను జొరబడెను. అది తాళము లేవియు పగులగొట్టలేదు. కంపెనీవారు పెట్టి పంపిన సంకేతపదములను కొన్నవారు మార్చకుండుటయే దానికి ద్వారమయ్యెను. ఆ యేడు అక్టోబరు 21వ తేదీని ఆ యంత్రములలో పెక్కింటిని ఒక్కుమ్మడిగా ప్రయోగించుటచే అమెరికాలో పేరుపొందిన వెబ్‌సైట్లు గంటలకొలది స్తంభించిపోయెను.

కావున పెట్టె విప్పిన దినముననే క్రొత్త సంకేతపదము పెట్టవలెను. పిల్లల పేర్లు, పుట్టినతేదీలు పనికిరావు. పొంతనలేని నాలుగు మాటలు కలిపిన పదము మీకు గుర్తుండును, ఇతరులకు తట్టదు. ఫోనునకు వచ్చు ఓటీపీతో కూడిన రెండవ తాళము నుండినచో దానిని తప్పక వేయుడు. కంపెనీవారు పంపు సవరణలను వాయిదా వేయవద్దు. కెమేరా వెనుకనున్న గుర్తుపలకను ఫొటో తీసి ఎవరికిని పంపవద్దు. అమ్మివేయునపుడు కార్డు తీసివేసి, లోపలి సంగతులన్నియు చెఱిపి మఱి యీయవలెను. మన ప్రభుత్వమువారును ఈ విషయమున మేల్కొనిరి. 2024 ఏప్రిలులో వెలువరించిన యుత్తరువు ననుసరించి, 2025 ఏప్రిలు నుండి మన దేశమున అమ్ము కెమేరాలు భద్రతాపరీక్షలలో నెగ్గవలెను. ఊరుపేరు లేని చౌక సరుకు కొనక, ప్రభుత్వపు రిజిస్ట్రేషను గుర్తును చూచి కొనుట మేలు.

ఎవరివైపు చూడరాదు

ఇంతవఱకు చెప్పినది చేతిపని. ఇక చెప్పబోవునది మనసునకు సంబంధించినది.

మా యింట అత్తగారు పగలెల్ల నొంటరిగా నుందురు. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు. పడిపోయినను తెలియును గదా యని హాలులో బీరువామీద నొక కెమేరా పెట్టి, ఆమె వాలుకుర్చీవైపు త్రిప్పితిమి. మూడవనాడు ఆఫీసునుండి చూడగా తెరమీద మసకగా నీలిగళ్లు తప్ప నేమియు కానరాలేదు. యంత్రము చెడినదనుకొంటిమి. సాయంకాలము వచ్చి చూచినచో, అత్తగారి తువాలు దానిమీద చక్కగా మడతపెట్టి కప్పబడియుండెను.

ఆమె కోపింపలేదు. "దొంగ వచ్చునది వాకిటినుండి గదా, అమ్మాయీ. అది నావైపేల చూచుచున్నది?" అని మాత్ర మడిగిరి.

మాకు బదులు తోచలేదు. ఆమె క్షేమమును తలచితిమి; ఆమెను అడుగవలెనని తలపమైతిమి. చీర సవరించుకొనుట, కాలు చాచుకొనుట, పగటినిద్ర, ఒంటరిగా కన్ను తడియగుట—ఇవన్నియు ఎవరో చూచుచున్నారను నెఱుకతో చేయవలసినచో అది యిల్లెట్లగును? ఆ రాత్రియే కెమేరాను వాకిటివైపు త్రిప్పితిమి. పడిపోవు భయమునకు, మెడలో వేసికొనుటకు వీలగు చిన్న పిలుపుగంట యొకటి కొనితిమి. మీట నొక్కినచో మా ఫోనులు మ్రోగును. ఆ పిమ్మట ఆమెయే తన ఫోనులో వాకిలిని చూచుట నేర్చుకొనిరి. తలుపు తట్టినవాని ముఖము చూచి మఱి తీయుచున్నారు. పాలవాడు దినమునకు ఇరువది నిమిషములు ఆలస్యముగా వచ్చుచున్నాడని మాకు తెలిసినది ఆమె వలననే!

ఇట్టి సంగతి ఒక్క మా యింటిది కాదు. కొన్ని యిండ్లలో కెమేరా దొంగకొఱకని చెప్పి కోడలిమీద పెట్టుదురు. కొన్ని యిండ్లలో పరదేశమందున్న భర్త, వంటయింటిలోని భార్య నెల్లవేళల చూచుచుండును. సంకేతపదము మాత్రము ఆమెకు చెప్పడు. ఇది రక్షణము కాదు, చెఱ. ఇంటిలో కెమేరా యుండినచో అందుండు పెద్దలందఱకు అది యెక్కడ నున్నదో, ఏమి చూచునో, ఎవరు చూచెదరో తెలియవలెను. ఆపు మీట వారి చేతికి అందవలెను. పడకగది, స్నానపుగది, బట్టలు మార్చుకొను చోటు—వీనివైపు ఏ కారణముచేతను త్రిప్పరాదు. పనిమనిషికిని ముందుగా చెప్పవలెను. ఆమెయు మానముగల మనిషియే. ఎదురింటివారి తలుపో, ప్రక్కడాబాపై బట్టలారవేయు చోటో తెరలో పడుచున్నచో, ఆ భాగమును నల్లగా కప్పు యేర్పాటు యాప్‌లోనే యుండును, దానిని వాడుడు.

చట్టమును ఈ పక్షముననే నిలిచియున్నది. 2017 ఆగస్టు 24వ తేదీని మన సుప్రీముకోర్టునందలి తొమ్మండుగురు న్యాయమూర్తులు, వ్యక్తి యొక్క ఏకాంతము రాజ్యాంగము ప్రసాదించిన ప్రాథమిక హక్కని యేకగ్రీవముగా తీర్పుచెప్పిరి. స్త్రీ తన యేకాంతమున నున్నపుడు ఆమెను చాటుగా చూచుట, చిత్రించుట నేరము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను ప్రకారము, మొదటిసారికే ఒక యేడు మొదలు మూడేండ్లవఱకు శిక్షయు జరిమానాయు కలవు. ఒకే యింట నివసించు అన్నదమ్ముల తగవులో, తోడి నివాసి సమ్మతి లేక ఇంటిలోపల కెమేరాలు నడుపరాదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పగా, సుప్రీముకోర్టు దానిలో జోక్యము చేసికొనలేదు. సొంత యిల్లయినను, తోడివారి సమ్మతి యక్కఱ యని దీని భావము.

కెమేరా చేయలేని పని

కెమేరా చూచును, అడ్డగింపదు. బలహీనమైన గొళ్లెమును అది బలపఱుపదు. కావున మంచి తాళము, లోపలి గడియ, వరండా దీపము—ఇవి ముందు, కెమేరా పిమ్మట. ఫోనులో క్రొత్తవాడు కనబడినచో మీరొంటరిగా పరుగెత్తుకొని పోవలదు. 112కు ఫోను చేయుడు, పొరుగువారిని పిలువుడు. ఊరికి పోవునపుడు ఆ సంగతి ఫేసుబుక్కులో ప్రకటింపక, స్థానిక పోలీసుస్టేషనులో చెప్పిపోవుట మంచి యలవాటు. గడచిన దశాబ్దమున ఆంధ్రప్రదేశ్ పోలీసువారు తాళము వేసిన యిండ్లను కాయుటకై యొక యేర్పాటు నెలకొల్పిరి. ఇంటివారు యాప్‌ద్వారా కోరినచో కదలికను పసిగట్టు కెమేరాను ఆ యింట తాత్కాలికముగా ఉచితముగా పెట్టి, వారు తిరిగి వచ్చిన పిదప తీసికొనిపోవుట దాని పద్ధతి. మీ స్టేషనులో అట్టి సదుపాయ మున్నదేమో విచారించి తెలిసికొనుడు.

సోదరీమణులారా! ఒక ఆదివారపు మధ్యాహ్నము చాలును. ఇంటిచుట్టు తిరిగి త్రోవలు లెక్కించుట యొక గడియ. వైఫై పరీక్షించుట కొన్ని నిమిషములు. తుడిచి అంటించి త్రాడు ముడివేయుట మఱియొక గడియ. సంకేతపదము మార్చుట అయిదు నిమిషములు. కాని వీనికన్నిటికంటె ముందు, ఇంటివారినందఱను కూర్చుండబెట్టి, "ఇది మనకు సమ్మతమేనా?" యని యడుగుట కొక పావుగంట కేటాయింపుడు. ఆ పావుగంటను మేము తప్పిపోయితిమి. తువాలు మడత మాకు దానిని నేర్పినది. వాకిటివైపు చూచు కన్ను ఇంటికి కావలి యగును. లోపలివైపు చూచు కన్ను ఇంటికి బరువగును. దానిని ఏవైపు త్రిప్పవలెనో నిర్ణయించు చేయి గృహిణిది కావలెనని మా కోరిక.